సెకండ్ హ్యాండ్ డ్రమ్ సాండర్: చూసి కొనడం ఎలా, వాడడం ఎలా

నాలుగు టేకు పలకలు జిగురుతో అతికించి డైనింగ్ టేబుల్ పైభాగం చేశారనుకోండి. క్లాంపులు తీసి చూస్తే అతుకు దగ్గర ఒక పలక అర మిల్లీమీటరు పైకి, పక్కది కిందికి ఉంటుంది. దాన్ని చేతి రంధతో సాపు చేయాలంటే మంచి మేస్త్రికి కూడా ఒక పూట పడుతుంది. చేతి బెల్ట్ సాండర్ పెడితే పని తొందరగా అవుతుంది గానీ అక్కడక్కడ గుంతలు పడతాయి. పాలిష్ వేశాక కిటికీ వెలుతురులో పక్క నుంచి చూస్తే ఆ గుంతలన్నీ బయటపడతాయి. డ్రమ్ సాండర్ ఉన్నది ఈ పనికే. ఎమిరీ, అంటే కర్రను అరగదీసే గరుకు పట్టీ, చుట్టిన డ్రమ్ పైన తిరుగుతుంటే కింద కన్వేయర్ పట్టా పలకను దాని కిందుగా తీసుకెళ్తుంది. ఆ ఆఖరి అర మిల్లీమీటరును ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే తీరుగా తీసేస్తుంది.

హన్మకొండలో మా షెడ్డుకు వచ్చి మిషన్ చూసినవాళ్లలో చాలామంది దీన్ని మందం తగ్గించే మిషన్ అనుకుంటారు. మందం తగ్గించడానికి రంధ మిషన్ ఉంది. డ్రమ్ సాండర్‌తో ఆ పని చేయిస్తే ఎమిరీ కాలిపోతుంది, కర్ర నల్లబడుతుంది, మోటార్ వేడెక్కుతుంది. సెకండ్ హ్యాండ్‌లో అమ్మకానికి వచ్చే మిషన్లలో చాలావరకు ఇలా మోటుగా వాడి పాడుచేసినవే. అందుకే కొనేటప్పుడు ఏం చూడాలో, తెచ్చాక ఎలా వాడాలో రెండూ కలిపి చెప్తున్నాను.

ముందు మీ పని చూసుకోండి

మీరు ఎక్కువగా దర్వాజలు, కిటికీ చౌకట్లు చేస్తుంటే ఇది కొనకండి. రంధ మిషన్, చేతి సాండర్ సరిపోతాయి. అతికించిన టేబుల్ పలకలు, తలుపు ప్యానెళ్లు, కటింగ్ బోర్డులు, అల్మారా షట్టర్లు చేసేవాళ్లకు మాత్రం ఇది రోజుకు గంటలు మిగులుస్తుంది. వెనీర్ అతికించిన ప్లైవుడ్ కోసమైతే అసలు వద్దు. ఆ పైపొర ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక్కసారి ఎక్కువ తగిలిందంటే కింద జిగురు బయటపడుతుంది.

చిన్న మిషన్లు రెండు రకాలు. ఒకదానికి డ్రమ్ ఒక పక్క తెరిచి ఉంటుంది. 16 ఇంచుల డ్రమ్ కింద పలకను ఒకసారి ఇటు, తిప్పి ఒకసారి అటు పంపి 32 ఇంచుల వెడల్పు దాకా సాపు చేసుకోవచ్చు. రెండో రకానికి రెండు పక్కలా బిగింపు ఉంటుంది. డ్రమ్ వెడల్పు ఎంతో పలక కూడా అంతే పట్టాలి, కానీ లెవెల్ గట్టిగా నిలబడుతుంది. చిన్న షెడ్డుకు మొదటి రకం చాలు. రోజూ ఒకే సైజు షట్టర్లు చేసేవాళ్లు రెండోదాని కోసం ఓపిక పట్టండి.

వరంగల్‌లో ఈ మిషన్ సెకండ్ హ్యాండ్‌లో దొరకడం కష్టమే. ములుగు రోడ్డు మీదా, మడికొండ పారిశ్రామిక వాడలోనూ తెలిసినవాళ్ల చెవిన వేసి పెట్టండి. అయినా చివరికి హైదరాబాద్ దారి పట్టాల్సి రావచ్చు. రాణిగంజ్ మెషినరీ దుకాణాల్లో అడగండి. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు ఫర్నిచర్ యూనిట్ ఏదైనా మూసేస్తున్నారని తెలిస్తే వెంటనే వెళ్లండి. అక్కడ మిషన్ ఇంకా నేలకు బిగించే ఉంటుంది, కరెంటు ఉంటుంది, దాన్ని నడిపిన మనిషి కూడా ఉంటాడు. అతన్ని రెండు ప్రశ్నలు అడిగితే ఓనర్ చెప్పని సంగతులు తెలుస్తాయి.

చూడడానికి వెళ్లేటప్పుడు

ఉత్త చేతులతో పోవద్దు. రెండడుగుల పొడవు, ఎనిమిది ఇంచుల వెడల్పు ఉన్న ఎండిన పలక ఒకటి తీసుకెళ్లండి. దాన్ని ముందే రంధ మిషన్ మీద రెండు వైపులా సాపు చేయించండి. మందం కొలిచే వెర్నియర్, పెన్సిల్, ఇనుప స్కేలు, టార్చి లైటు, చిన్న స్పానర్ సెట్టు కూడా సంచిలో వేసుకోండి.

ముందు మోటార్ మీది ప్లేటు చదవండి. సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? వోల్టేజీ ఎంత, ఎన్ని హెర్ట్జ్, ఎన్ని ఆంపియర్లు? అమెరికా నుంచి వచ్చిన మిషన్ అయితే 115 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉండవచ్చు. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా సరిపోదు. 60 హెర్ట్జ్ మోటార్ మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, వేడి ఎక్కువ పుడుతుంది. అలాంటిదైతే కొత్త మోటార్ ఖర్చు కలుపుకొని బేరం ఆడండి. మీ షెడ్డుకు త్రీ ఫేజ్ లేకపోతే ఎన్‌పీడీసీఎల్ కరెంటు ఆఫీసులో కొత్త కనెక్షన్‌కు ఎంతవుతుందో ముందే కనుక్కోండి. మిషన్ ఇంటికొచ్చాక అడిగితే అప్పటికే ఇరుక్కుపోయి ఉంటారు.

ఇక డ్రమ్. ప్లగ్గు తీసేయించి, చుట్టి ఉన్న ఎమిరీ విప్పమనండి. విప్పనంటే అక్కడితో ఆగిపోండి, ఎందుకంటే డ్రమ్ జబ్బులన్నీ ఎమిరీ కిందే దాగుతాయి. టార్చి పెట్టి చూడండి. మేకు తగిలిన గీత ఉందా, ఎక్కడైనా సొట్ట ఉందా? తర్వాత మోటార్ బెల్టు వదులు చేసి, డ్రమ్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. కళ్లు మూసుకుని వేళ్లతో వినండి. మంచి బేరింగ్ వెన్నలా తిరుగుతుంది. పాడైనదాంట్లో ఇసుక నలిగినట్టు గరగర తెలుస్తుంది. రెండు చివర్లా పట్టుకొని పైకీ కిందికీ ఊపితే ఏమాత్రం కదలకూడదు. బేరింగ్ మార్చుకోవడం పెద్ద పనేం కాదు, దాని నంబరు చెప్తే ఆటోనగర్‌లో అడగవచ్చు. డ్రమ్ వంగితే మాత్రం ఆ మిషన్ వద్దు.

కన్వేయర్ పట్టా ఆన్ చేసి ఐదు నిమిషాలు ఉత్తగా తిరగనివ్వండి. పట్టా ఒక పక్కకు జరిగిపోతోందా? అంచులు చిరిగి దారాలు వేలాడుతుంటే చాలాకాలంగా పక్కకే నడుస్తోందన్నమాట. పట్టా కింది ఇనుప పలక మీద స్కేలు నిలబెట్టి వెనక నుంచి టార్చి వేయండి. మధ్యలో వెలుతురు కనిపిస్తే పలక లోతు పడిందని అర్థం. నేను మొదట చూసిన మిషన్‌కు కొత్త పెయింట్ వేసి మెరిపించారు. మోటార్ చక్కగా నడిచింది, నాకూ నచ్చింది. స్కేలు పెడితే మధ్యలో ఒక పాత సిమ్ కార్డు దూరేంత సందు కనిపించింది. అమ్మేవాళ్లకు ఆ సంగతి తెలుసు, కానీ అడిగేదాకా చెప్పలేదు. ఆ రోజు ఉత్త చేతులతో తిరిగొచ్చినందుకు ఇప్పటికీ సంతోషంగానే ఉంది.

చాలా చిన్న మిషన్లలో పట్టా నడిపే మోటార్ వేరే ఉంటుంది. దాని స్పీడు కంట్రోలుకు చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. స్పీడును సున్నా నుంచి చివరి దాకా తిప్పి చూడండి. మధ్యలో తడబడితే బోర్డు పోయేలా ఉంది. పాత మోడల్ బోర్డు దొరకడం కష్టం.

అన్నీ బాగుంటే అప్పుడు మీ పలక బయటికి తీయండి. పైన పెన్సిల్‌తో అడ్డంగా, ఐమూలగా గీతలు గీయండి. ఎమిరీ మళ్లీ చుట్టించి, డ్రమ్ పలకను ఉత్తగా తాకేంత ఎత్తులో పెట్టి పంపండి. గీతలు అన్నిచోట్లా ఒకే తీరుగా చెరిగాయా చూడండి. ఒక్కో సారి కొద్దిగా దింపుతూ మూడు నాలుగు సార్లు పంపాక నాలుగు మూలలా వెర్నియర్‌తో కొలవండి. ఎడమ కుడి మధ్య తేడా ఉంటే భయపడక్కర్లేదు, అది సర్దుకునేదే. కానీ రెండోసారి కొలిచినప్పుడు ఆ తేడా మారిపోతే ఎక్కడో వదులుంది. ఆ వదులు ఎక్కడుందో అక్కడే కనిపెట్టలేకపోతే కొనకండి.

ధర గురించి నా లెక్క ఇది. ఎమిరీ, బేరింగులు, బెల్టు, పట్టా ఈ నాలుగూ కొత్తవి వేయాల్సి వస్తుందనుకొని వాటి ఖర్చు ముందే తీసేసి బేరం మొదలుపెడతాను. దుమ్ము లాగే డస్ట్ కలెక్టర్ కూడా కలిపి ఇస్తామంటే కొంచెం ఎక్కువైనా ఒప్పుకుంటాను, ఎలాగూ అది లేకుండా ఈ మిషన్ నడవదు.

తెచ్చి నిలబెట్టడం

ట్రాలీ ఆటోలో ఎక్కించేటప్పుడు స్టాండు విప్పి వేరుగా పెట్టండి. మిషన్‌ను డ్రమ్ పట్టుకొని గానీ, పట్టా పలక పట్టుకొని గానీ ఎత్తకూడదు. అడుగు ఫ్రేముకు తాడు వేసి నలుగురు ఎత్తాలి. డ్రమ్‌కూ పట్టాకూ మధ్య ఒక చెక్క పెట్టి, దాని మీద డ్రమ్ ఆనేదాకా దింపండి. దారిలో గుంతలకు డ్రమ్ ఎత్తు మార్చే హ్యాండిల్ స్క్రూ మీద దెబ్బ పడదు.

షెడ్డులో చోటు చూసేటప్పుడు మిషన్ సైజు కాదు, పలక పొడవు లెక్క వేయండి. ఏడడుగుల తలుపు పలకకు ముందు ఏడడుగులు, వెనక ఏడడుగులు, మధ్యలో మిషన్‌కు ఓ మూడడుగులు. అంటే 17 అడుగులు కావాలి. మా షెడ్డు అంత పొడవు లేదు. అందుకే మిషన్‌ను వాకిలికి ఎదురుగా పెట్టాం, పొడవు పలకలు గుమ్మం దాటి బయటికి వస్తాయి.

త్రీ ఫేజ్ మిషన్ అయితే కనెక్షన్ ఇచ్చాక కర్ర పెట్టే ముందు డ్రమ్ ఎటు తిరుగుతోందో చూడండి. కర్రను తాకే చోట డ్రమ్ కర్ర వచ్చే దిక్కుకు ఎదురు తిరగాలి. వైర్లు తారుమారైతే డ్రమ్ ఉల్టా తిరుగుతుంది, పలకను లాగేసి అవతలికి విసిరేస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో మూడు ఫేజు వైర్లలో ఏవైనా రెండింటిని మార్పిస్తే సరిపోతుంది. మిషన్‌కు ఒకటి, డస్ట్ కలెక్టర్‌కు ఒకటి విడివిడిగా లైన్లు లాగించండి. సింగిల్ ఫేజ్‌లో ఒకటిన్నర హార్స్ పవర్ మోటార్ ఒక్కటే ఎనిమిది, తొమ్మిది ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంట్లో వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు దానికి ఆగదు.

డ్రమ్ లెవెల్ చేయడం

దీనికి ఒక పూట కేటాయించండి, తొందరపడకండి. ఒకే పలకలోంచి రెండు పట్టీలు చీల్చి, రంధ మిషన్‌లో రెండూ ఒకే మందానికి తెప్పించండి. వెర్నియర్‌తో కొలిచి సమానంగా ఉన్నాయని తేల్చుకోండి. ప్లగ్గు తీసి, ఎమిరీ విప్పి, ఒక పట్టీని పట్టా ఎడమ అంచున, ఇంకొకదాన్ని కుడి అంచున డ్రమ్ కింద పెట్టండి. డ్రమ్‌ను చేత్తో తిప్పుతూ హ్యాండిల్ కొద్దికొద్దిగా దింపండి. రెండు పట్టీలూ ఒకేసారి డ్రమ్‌ను తాకాలి. ఒకటి ముందు తాకితే రెండోదాని మీద సందెంతుందో సన్నని రేకుల ఫీలర్ గేజ్ పెట్టి చూసి, బ్రాకెట్ బోల్టులు వదులు చేసి సర్దండి. బోల్టు బిగించేటప్పుడు మళ్లీ జరుగుతుంది, కాబట్టి బిగించాక ఇంకోసారి చూడండి.

ఒక పక్క తెరిచి ఉన్న మిషన్‌లో వెడల్పు పలకలు తిప్పి పంపేటప్పుడు, తెరిచి ఉన్న వైపు డ్రమ్ వెంట్రుకవాసి పైకి ఉండాలి. పూర్తి సమానంగా ఉంటే పలక మధ్యలో ఒక గీత నిలబడుతుంది.

ఎమిరీ చుట్టడం

కాగితం వెనక ఉన్న ఎమిరీ వద్దు, వర్షాకాలంలో చెమ్మకు సాగుతుంది. గుడ్డ వెనక ఉన్న రోల్ తీసుకోండి. కార్బోరండమ్ యూనివర్సల్, జాన్ ఓకే, గ్రైండ్‌వెల్ నార్టన్ లాంటి కంపెనీల రోళ్లు హార్డ్‌వేర్ దుకాణాల్లో అడగండి. ఐదు ఇంచుల వ్యాసం, 16 ఇంచుల పొడవు ఉన్న డ్రమ్‌కు మూడు ఇంచుల పట్టీ దాదాపు ఎనిమిదడుగులు పడుతుంది.

పాత పట్టీ ఉంటే పారేయకండి, దాన్ని కొత్త రోల్ మీద పరిచి అలాగే గీసుకొని కత్తిరించడమే. లేకపోతే లెక్క ఇది. పట్టీ రెండు చివర్లూ ఏటవాలుగా కోయాలి, ఆ ఏటవాలు కోత పొడవు డ్రమ్ చుట్టుకొలత అంత ఉండాలి. ఐదు ఇంచుల డ్రమ్‌కు అది 15.7 ఇంచులు, అంటే సుమారు 400 మిల్లీమీటర్లు. రెండు చివర్ల కోతలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. మొన ఒకదాన్ని ఎడమ క్లిప్పులో దూర్చి, పట్టీని ఎడమ చేత్తో గట్టిగా లాగి పట్టుకొని, కుడి చేత్తో డ్రమ్ తిప్పుతూ చుట్టండి. వరుసకూ వరుసకూ మధ్య గోరు మందం సందు ఉన్నా ఫరవాలేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కితే మాత్రం పలక మీద గాడి పడుతుంది. రెండో మొన కుడి క్లిప్పులో బిగించి, పదిసార్లు పలక పంపాక ప్లగ్గు తీసి మళ్లీ చూడండి. కొత్త పట్టీ వేడికి కొంచెం సాగుతుంది, వదులైతే తిరిగి బిగించాలి.

పలక పంపడం

స్విచ్చుల వరుస తప్పకండి. ముందు డస్ట్ కలెక్టర్, తర్వాత డ్రమ్, చివరికి పట్టా. ఆపేటప్పుడు దీనికి ఉల్టా.

పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, దంతెలు, తలుపులు మన దగ్గర చాలా దొరుకుతాయి. వాటిలో టేకు అద్భుతంగా ఉంటుంది. కానీ ప్రతి అంగుళం అయస్కాంతంతో తడమాలి. తల విరిగి లోపల ఉండిపోయిన మేకు ఒక్కటి చాలు, ఎమిరీ నిలువునా చిరుగుతుంది, నిప్పురవ్వ ఎగిరి డస్ట్ కలెక్టర్ సంచిలోకి పోతుంది. పాత పెయింటు ఉన్న కర్రను కూడా పెట్టకండి. పాత పెయింట్లలో సీసం ఉండవచ్చు, అది దుమ్మై ఊపిరిలోకి పోతుంది.

గిన్నెలా వంగిన పలకను బోర్లించి, అంటే గుబ్బ వైపు పైకి వచ్చేలా పెట్టాలి. అప్పుడు రెండు అంచులు పట్టా మీద ఆని కదలకుండా ఉంటుంది. మెలి తిరిగిన పలకను డ్రమ్ సాండర్ సరిచేయలేదు, దాన్ని ముందు రంధ పట్టించుకోండి.

పైన పెన్సిల్ గీతలు గీసి, డ్రమ్‌ను బాగా పైకి ఉంచి మొదలుపెట్టండి. కొంచెం కొంచెం దింపుతూ, ఎక్కడ ముందు తాకుతుందో చెవితో పట్టుకోవాలి. ఎత్తుగా ఉన్న చోటు తగలగానే సన్నగా 'స్‌స్‌స్' అని మొదలవుతుంది. అక్కడి నుంచే మీ లెక్క. 80 నంబరు ఎమిరీతో ఒక్కసారికి మిల్లీమీటరులో పావు, మహా అయితే మూడో వంతు. 120తో అందులో సగం. హ్యాండిల్ ఒక చుట్టుకు ఎంత దిగుతుందో మీ మిషన్‌లో కొలిచి, ఆ అంకె మిషన్ మీదే మార్కర్‌తో రాసిపెట్టుకోండి. సూతుల లెక్కకు అలవాటుపడ్డ చేతికి ఇది చాలా తక్కువ అనిపిస్తుంది. ఒక సూతంటే మూడు మిల్లీమీటర్ల పైనే, అంటే ఈ మిషన్ మీద పదిసార్ల పని. అంత తీయాల్సి ఉంటే పలకను రంధ మిషన్‌కు పంపండి.

డ్రమ్ శబ్దం సన్నగా, ఒకే తీరుగా ఉంటే సరిగ్గా నడుస్తోంది. గొంతు బరువెక్కి మోటార్ మూలిగితే ఎక్కువ దింపారు. పట్టా స్పీడు తగ్గించండి, తర్వాతి సారి తక్కువ దింపండి. పలక లోపల ఉండగా పట్టా ఆపకండి, డ్రమ్ దింపకండి. ఆగిన చోట గాడి పడితే దాన్ని తీయడానికి పలకంతా మళ్లీ అరగదీయాలి. బయటికి వస్తున్న చివరను చేత్తో కొద్దిగా ఎత్తి పట్టుకోండి. వాలిపోతే రెండో చివర పైకి లేచి డ్రమ్‌కు ఎక్కువ తగులుతుంది, ఆ చివర పల్లం పడుతుంది. పలకను పట్టాకు అదిమి పట్టే రెండు ప్రెషర్ రోలర్ల మధ్య దూరం కన్నా పొట్టి ముక్కను ఒంటరిగా పంపకండి.

వీలైతే పలకను కొంచెం ఐమూలగా పంపండి, కర్ర కాలదు, ఎమిరీ అంతటా సమానంగా అరుగుతుంది. ఆఖరిసారి మాత్రం నారల వెంట నేరుగా పంపాలి. 80 తర్వాత 120, తర్వాత 150. అంతకన్నా సన్నది డ్రమ్ మీద వేస్తే వేడికి కర్ర మచ్చలు పడుతుంది. 150 తర్వాత చేతి ఆర్బిటల్ సాండర్‌తో ముగించండి, ఎందుకంటే డ్రమ్ వదిలే నిలువు గీతలు పొడి కర్ర మీద కనబడవు. తడి గుడ్డతో ఒకసారి తుడిచి చూస్తే పాలిష్ కింద ఎలా కనిపిస్తాయో ఇప్పుడే తెలుస్తుంది.

టేకులో నూనె ఉంటుంది. దుమ్ము ఎమిరీలో ముద్దకట్టి నల్ల చార అవుతుంది, ఆ చార ప్రతి పలక మీదా ఒకే చోట కాలిన గీత వేస్తుంది. దీనికి క్రేప్ రబ్బరు కడ్డీ దొరుకుతుంది. మిషన్ నడుస్తుండగా కడ్డీని పలకలా పట్టా మీద పెట్టి పంపకూడదు. పైమూత తీసి, డ్రమ్ తిరుగుతుండగా పై నుంచి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తేలిగ్గా జరపాలి. ఆ సమయంలో కళ్లద్దాలు తప్పనిసరి. పచ్చి కర్రను అసలు పంపకండి. కోత మిల్లు నుంచి తెచ్చిన పలక మధ్యలో సందులు వదిలి పేర్చి, నీడన బాగా ఆరాకే మిషన్ దగ్గరికి రావాలి.

మీ ఒంటి గురించి

ఈ దుమ్ము రంపపు పొట్టు లాంటిది కాదు. గాలిలో గంటల తరబడి తేలుతుంది, కంటికి కనిపించదు. కర్ర దుమ్ము మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చి చెప్పింది. జిట్రేగి, టేకు దుమ్ముకు కొందరికి ఒళ్లు దురద పెడుతుంది. డస్ట్ కలెక్టర్ గొట్టం నాలుగు ఇంచులకు తగ్గకూడదు. ముఖానికి ఎన్95 మాస్కు పెట్టుకోండి, కండువా కట్టుకుంటే సరిపోదు. కండువా, వదులు చొక్కా, చేతికి కట్టిన దారాలు తీసేసి మిషన్ దగ్గరికి రండి. పలకకు నేరుగా వెనక నిలబడకండి, ఒక పక్కకు ఉండండి. పలక జారి వెనక్కి తన్నితే కడుపుకే తగులుతుంది. మీ దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ఈ మాట మొదటిరోజే చెప్పండి, చెప్పి ఊరుకోకుండా ఎక్కడ నిలబడాలో నేల మీద సుద్దతో గీసి చూపండి.

పని అయిపోయాక కలెక్టర్ సంచిని షెడ్డు బయట మూత ఉన్న ఇనుప డబ్బాలో ఖాళీ చేయండి. నిప్పురవ్వ దుమ్ములో పడితే గంటల తర్వాత కూడా రాజుకుంటుంది. రాత్రి షెడ్డు తాళం వేసే ముందు ఆ పని జరిగిందో లేదో మీరే చూడండి.

నెలకోసారి ఎత్తు స్క్రూలనూ గొలుసునూ బ్రష్‌తో తుడిచి మైనం రాయండి. నూనె రాస్తే దుమ్ము అంటుకొని గట్టిపడుతుంది. వానలు మొదలయ్యే ముందు పట్టా వదులు చేసి, కింది ఇనుప పలక తుడిచి దానికీ మైనం పట్టించి, పట్టాను మళ్లీ బిగించి నడిపి చూడండి. మూడు నెలలకోసారి, లెవెల్ కోసం చీల్చిన ఆ రెండు కర్ర పట్టీలూ తీసి డ్రమ్ లెవెల్ మళ్లీ చూసుకోండి. వాటిని మిషన్ స్టాండుకే ఒక కొక్కెం పెట్టి వేలాడదీస్తే ఎవరూ పొరపాటున పొయ్యిలో పెట్టరు.